అమ్మ కాటా ఎక్కిన రోజు

పోయిన నెల మా మనవరాలికి టీకా వేయించడానికి నేనూ, నా భార్య కోటేశ్వరీ నరసరావుపేటలోనే ఒక పిల్లల ఆసుపత్రికి వెళ్ళాం. మా అమ్మాయి స్వాతికి ఆ రోజు బ్యాంకులో సెలవు దొరకలేదు. హాలంతా చల్లగా ఉంది. గోడల మీద ఏనుగులు, జిరాఫీలు. ఇరవై రెండేళ్ళుంటాయేమో, ఒక నర్సమ్మాయి మా చేతుల్లోంచి పాపను అందుకుని తెల్లటి పళ్ళెం లాంటి కాటాలో పడుకోబెట్టింది. ఎర్రటి అంకెలు వెలిగాయి. "ఏడు పాయింట్ రెండు" అని అవతల కంప్యూటరు ముందున్న అమ్మాయికి వినపడేట్టు గట్టిగా చెప్పింది. అక్కడ పాతికమంది తల్లులూ అమ్మమ్మలూ కూర్చుని ఉన్నారు. ఒక్కరూ తల తిప్పలేదు. కోటేశ్వరి మాత్రం చప్పున తన పైట చెంగు లాగి పాప కాళ్ళ మీద కప్పింది. కప్పాక తనే నవ్వుకుంది.

"అంత గట్టిగా చెప్పింది చూశారా? మా రోజుల్లో అయితే ఆ పిల్లకి ఈపాటికి నెత్తిన జుట్టు మిగిలేది కాదు" అంది నాతో.

ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లల నర్సుగా పనిచేసిన మనిషి ఆమె. నేను ఒక దినపత్రికకు ఈ ఊరి విలేకరిగా పనిచేశాను. మిరపకాయల ధరలు, కోర్టు వాయిదాలు, కాలవకు నీళ్ళు రాలేదని రైతుల ధర్నాలు, ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా నాలుగు వాక్యాల్లో రాసి సాయంత్రం గుంటూరు బస్సుకు కవరు అందించేవాణ్ణి. మా ఇంట్లో జరిగింది మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఒకే ఒక్కసారి రాశాను. దాని ఫలితం తర్వాత చెబుతాను. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆ రోజంతా నాకు మా పాత ఇల్లూ, అందులో మా అమ్మా గుర్తుకొస్తూనే ఉన్నారు.

పల్నాడు రోడ్డు పక్క సందులో రెండు గదుల అద్దె ఇల్లు మాది. ముందు చిన్న వసారా, వెనక నీళ్ళ తొట్టి, దాని పక్కన తడికెల మరుగులో స్నానాల చోటు. కింద నాపరాళ్ళు పరిచి ఉండేవి. మా అమ్మ గురవమ్మకు ఆ ఇంట్లో మొదట నచ్చింది ఆ రాళ్ళే. ఆమెది దుర్గి దగ్గర ఊరు. మా నాన్న పోయాక పదిహేనేళ్ళపాటు మాచర్ల వైపు నాపరాళ్ళ క్వారీల్లో లారీలకు రాయి ఎత్తి నన్ను చదివించింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు చెప్పులు విడిచి, కాలి బొటనవేలితో ఒక రాతి అంచు తడిమి, "మంచి రాయే, మన వైపుదే" అంది. ఇంటివాళ్ళ గురించి గానీ, నీళ్ళ గురించి గానీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. రోజూ తెల్లారుతూనే ఆ రాళ్ళ మీద నీళ్ళు చల్లి, గోనెపట్టాతో తుడిచేది. తడిసిన నాపరాయికి ఒక వాసన ఉంటుంది. ఆ తర్వాత, అప్పటికి నెలల పిల్లయిన స్వాతికి ఆముదం రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసేది. మిరప సీజనులో రోడ్డు మీద బస్తాల లారీలు పోతుంటే ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. పొగకు పిల్ల తుమ్మిందా, మిరపఘాటుకు తుమ్మిందా అని అమ్మ కాసేపు ఆలోచించేది.

కోటేశ్వరి గుంటూరులో నర్సింగు చదివింది. పెళ్ళయ్యాక, స్వాతి పుట్టి ఆరో నెల నిండేదాకా ఇంట్లోనే ఉంది. అప్పుడు ఊళ్ళో కొత్తగా పిల్లల ఆసుపత్రి పెట్టిన ఒక డాక్టరు గారు నర్సులు కావాలన్నారు. ఉద్యోగానికి పొమ్మని చెప్పింది నేను కాదు, మా అమ్మే. "చదువుకున్నది ఇంట్లో కూచుని ఏం జేసుద్ది? పిల్లని నేను జూస్తా" అంది. మొదటి వారమంతా కోటేశ్వరి ఏడుస్తూ ఇంటికొచ్చింది. పెద్దవాళ్ళ చేతికి సూది గుచ్చడం నేర్చుకుంది గానీ, మూడు నెలల పిల్ల చేతిలో నరం ఎక్కడుంటుందో ఎవరికి తెలుసు? మణికట్టు కింద టార్చిలైటు పెట్టి వెతకాలట. దొరికిందనుకునేలోపు పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది, పక్కనున్న తల్లి అంతకంటే ఎక్కువ ఏడుస్తుంది. ఇద్దరి ఏడుపుల మధ్య తన చెయ్యి వణకకూడదు.  

అమ్మ పెట్టిన నిబంధన ఒక్కటే. ఆసుపత్రి చీరతో పిల్లను ముట్టకూడదు. కోటేశ్వరి సందు మొదట్లో కనపడగానే స్వాతి చేతులు చాపి కేకలు పెట్టేది. తల్లి చూపు తిప్పుకుని గబగబా పెరట్లోకి పోయి, ఆ మందుల వాసనంతా పోయేదాకా నీళ్ళు పోసుకుని, వేరే చీర కట్టుకుని, అప్పుడొచ్చి పాలిచ్చేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం పరుగున వచ్చి ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యాహ్నం వచ్చినప్పుడూ ఆ స్నానం తప్పేది కాదు. అరగంట సెలవులో పది నిమిషాలు నీళ్ళకే పోయేవి. పోనీ అమ్మే పిల్లను ఆసుపత్రికి తీసుకుపోవచ్చు గదా అని నేనంటే, "ఆ రోగాల కొంపకు నా మనవరాల్ని తీసకపోతానా? నీకు బుద్దుందా అబ్బయ్యా?" అనేది.

ఇవన్నీ ఒక ఎత్తు, సాయంత్రం భోజనాలు ఒక ఎత్తు. దీపాలు పెట్టే వేళకు ముగ్గురం వసారాలో కూర్చునేవాళ్ళం. అమ్మ ఒళ్ళో స్వాతి. కోటేశ్వరి తింటూ ఆ రోజు ఆసుపత్రికి ఎవరెవరు వచ్చారో చెప్పేది. రోజంతా బిగబట్టుకున్నదంతా అప్పుడు బయటికొచ్చేది. బెల్లంకొండ నుంచి వచ్చిన పిల్లవాడి ముక్కులో శనగగింజ ఇరుక్కోవడం, గేదెపాలు పడక విరేచనాలతో కళ్ళు లోతుకుపోయిన పాప, చల్లటి నేల మీద పడుకోబెట్టడం వల్లే నెమ్ము చేసిందని ఒక నాయనమ్మ కోడల్ని తిట్టిపోయడం. నాకది వార్తల్లాగే ఉండేది, విని వదిలేసేవాణ్ణి. అమ్మ మాత్రం నోరు తెరుచుకుని వినేది. "అయ్యో, బిడ్డ బతికిందా?" అని అడిగేది. "బతికింది అత్తయ్యా, రేపు పంపించేస్తాం" అనేది కోటేశ్వరి. "దానికేం పెట్టారంట?" అని మళ్ళీ అడిగేది అమ్మ. ఆ ప్రశ్న ఎందుకడిగేదో మా ఇద్దరికీ అప్పుడు తట్టలేదు.

ఆసుపత్రిలో కోటేశ్వరికి మొదట్లో ఎదురైన పెద్ద చిక్కు సూదులతో కాదు, కాటాతో. పిల్లలకు మందు బరువును బట్టి ఇవ్వాలి. బరువు తెలియకుండా డాక్టరు గారు చీటీ మీద కలం పెట్టేవారు కాదు. వచ్చే అమ్మమ్మలు, నాయనమ్మలేమో బిడ్డను కాటాలో పెట్టనిచ్చేవాళ్ళు కాదు. తూకం వేస్తే బిడ్డ తరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. నకరికల్లు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మనవణ్ణి రొమ్ముకు అదుముకుని గోడకానుకుని నిలబడిందట.

"మా బిడ్డేమన్నా మిరపకాయల బస్తానా తూకమెయ్యటానికి? మందియ్యండి, పోతాం" అంది.

"బరువు తెలియకపోతే మందెట్టా ఇస్తారు అమ్మమ్మా?" అంది కోటేశ్వరి.

"చూస్తే తెలవటంలా? ఆమాత్రం తెలవకుండా డాక్టరెట్టా అయ్యాడు?"

లోపలి నుంచి డాక్టరు గారు ఇదంతా వింటున్నారు. పిల్లవాడికి ఒళ్ళు కాలిపోతోంది. కోటేశ్వరి ఒక్క నిమిషం ఆలోచించి, పెద్దవాళ్ళ కోసం మూలనున్న నిలువు కాటా ముందుకు లాగింది. గుండ్రటి అద్దంలో ముల్లు తిరిగే కాటా అది. "సరే అమ్మమ్మా, పిల్లోణ్ణి వెయ్యంలే. నువ్వెక్కు" అంది. ముసలమ్మకు అందులో అభ్యంతరం కనపడలేదు. మనవణ్ణి ఎత్తుకునే ఎక్కింది. కోటేశ్వరి ముల్లు చూసింది. తర్వాత పిల్లవాణ్ణి పక్కనున్న తల్లికిచ్చి ఇంకోసారి ఎక్కమంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసి, పైకి చదవకుండా చీటీ మీద రాసి డాక్టరు గారికి అందించింది. ముసలమ్మ దిగుతూ, "నన్ను రెండుసార్లు తూసి ఏం జేసుకుంటావే? నాకేం రోగం లా" అందట.

ఆ కాటా అరకిలో అటూ ఇటూ చూపిస్తుందని డాక్టరు గారు గొణిగారు. ఏమీ తెలియనిదానికంటే అది మేలు గదా సార్ అంది కోటేశ్వరి. బాగా చిన్నపిల్లలైతే నాలుగు మంచి మాటలు చెప్పి పళ్ళెం కాటాకు ఒప్పించేది. మిగతా వాళ్ళకు ఈ ఎత్తుకుని తూచే పద్ధతే. నెల తిరిగేసరికి ఊళ్ళల్లోంచి వచ్చేవాళ్ళు ఆ ఎత్తుకుని తూచే సిస్టరెవరని అడిగి మరీ వస్తున్నారు.

ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. ఒక రోజు వార్తలేవీ లేవు. కవరు ఖాళీగా పంపితే గుంటూరు ఆఫీసులో మర్యాదగా ఉండదు. అమ్మ నిద్రపోయాక కోటేశ్వరి నాకు చెప్పిన ఈ కాటా ఉపాయాన్ని చిన్న పెట్టె వార్తగా రాసి పంపాను. పేరు రాయలేదు, ఊరి ఆసుపత్రిలో ఒక నర్సు ఉపాయం అని రాశాను. జిల్లా పేజీలో కింద మూలన వేశారు. కోటేశ్వరికి చూపించి మెప్పు పొందుదామని పేపరు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. అప్పటికే పక్కింటి అమ్మాయి దాన్ని మా అమ్మకు చదివి వినిపించింది.

"అయితే ఆ ముసల్దాన్ని ఎక్కిచ్చింది మనవణ్ణి తూసేదానికా?" అంది అమ్మ, నా వంక కాదు, కోడలి వంక చూస్తూ. "మోసం గాదటే అది?"

"మోసమేంటత్తయ్యా, మందు కోసం."

"నాకాడ ఆ తెలివితేటలు పనిచెయ్యవు. చెప్తున్నా."

కోటేశ్వరి నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. అప్పటికి స్వాతిని తూచాలని తను ఆలోచిస్తోందని నాకు తెలియదు. ఎట్లాగైనా అత్తగారిని మాటల్లో పెట్టి ఆసుపత్రికి పిలిచి, అదే ఉపాయం చేద్దామనుకుంటోందట. ఆ దారి నేను అచ్చువేసి మరీ మూసేశాను.

స్వాతి ఏడో నెలలో బాగానే ఉంది. తొమ్మిదో నెల వచ్చేసరికి తొడల మీద ముడతలు కనపడసాగాయి. అల్లరి తగ్గింది. ఎత్తుకుంటే భుజం మీద తల వాల్చి ఊరుకునేది. చుట్టుపక్కల వాళ్ళు బుద్ధిమంతురాలని మెచ్చుకునేవాళ్ళు. కోటేశ్వరికి ఆ మెప్పు ముల్లులా గుచ్చుకునేది. రోజుకు ఎంతమంది పిల్లలకో బరువు రాసే మనిషి, సొంత బిడ్డ బరువెంతో తెలియకుండా ఆరు వారాలు గడిపింది. "అత్తయ్యా, ఒక్కసారి తూద్దాం" అని అడిగితే, "నా ఒంట్లో పానం ఉండగా దాన్ని కాటాలో ఎయ్యనియ్య" అని అమ్మ లేచిపోయేది. ఏం పెడుతున్నావని అడిగితే, "పెట్టాల్సింది పెడతన్నా. ముగ్గుర్ని గని ఒకణ్ణి మిగుల్చుకున్నదాన్ని, నాకు నేర్పుతావా?" అనేది. ఆ మాట తర్వాత ఇంకెవరైనా ఏమంటారు?

ఒక మధ్యాహ్నం కోర్టులో వాయిదా త్వరగా అయిపోతే ఇంటికొచ్చాను. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని పాప పాలు కలుపుతోంది. గ్లాసులో మూడు వేళ్ళ ఎత్తున పాలు పోసి, మిగతాదంతా కాచిన నీళ్ళు పోసింది.

"ఇన్ని నీళ్ళేందమ్మా?"

"చిక్కటి పాలు పడక ఆ పిల్లకు కళ్ళు లోతుకు పొయ్యినయ్యని మీ ఆవిడ చెప్పలా?"

"అది వేరే పిల్ల గదా."

"పిల్లలంతా ఒకటే." గ్లాసు కలుపుతూ తనే చెప్పుకుపోయింది. గుడ్డు మానేసింది, ఎందుకంటే గుడ్డు తిన్న పిల్లవాడికి ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి. అరటిపండు మానేసింది, జలుబు చేసిన పాపకు ముందురోజు అరటిపండు పెట్టారట. నెయ్యి మానేసింది, ఇంకో పిల్లకు దగ్గొచ్చిందని. పప్పన్నం కూడా మానేసింది, ముక్కులో శనగగింజ ఇరుక్కున్నప్పటి నుంచి గింజన్నదేదీ పెట్టడం లేదు, బియ్యపు జావ గుడ్డలో వడకట్టి తాగిస్తోంది. ఒక్కో సాయంత్రం కోటేశ్వరి చెప్పిన ఒక్కో కబురుకు, స్వాతి తినేదాంట్లోంచి ఒక్కో వస్తువు పోయింది. చివరికి నీళ్ళపాలూ, గంజినీళ్ళూ మిగిలాయి.

 వార్త దొరకగానే పంపడం నా వృత్తి. ఈ వార్తను మాత్రం రెండు రోజులు తొక్కిపెట్టాను. కోటేశ్వరికి చెబితే అమ్మ మీద విరుచుకుపడుతుందేమో, అమ్మ మూట కట్టుకుని దుర్గి బస్సెక్కుతుందేమో. అదే జరిగితే పిల్లను చూసేవాళ్ళుండరు, ఉద్యోగం ఉండదు. "కాస్త చిక్కగా కలపమ్మా" అని మాత్రం అన్నాను. "రోగమొస్తే నువ్వు చూస్తావా?" అంది.

రెండో రోజు సాయంత్రం కోటేశ్వరి అన్నం ముందు కూర్చుని ఏ కబురూ చెప్పలేదు. ముద్ద నోట్లో పెట్టుకోకుండా, "రేపు డాక్టరు గారికి చెప్పేస్తాను, మానేస్తానని" అంది నాతో. "అక్కడ నలుగురి పిల్లల్ని బాగుచేస్తున్నా. ఇక్కడ నా పిల్ల ఎండిపోతోంది. ఎందుకో కూడా నాకు తెలియటం లేదు."

అప్పుడు చెప్పాను. చూసిందంతా చెప్పాను. అమ్మ పాపతో పెరట్లో ఉందనుకున్నాను. తలుపు పక్కనే ఉంది.  కోటేశ్వరి చేతిని కంచంలోనే ఉంచి, "నా కబుర్లా?" అని ఒక్క మాట అంది. కాసేపటికి, "ఆమెను ఒక్క మాట కూడా అనొద్దు మీరు. చెప్పింది నేను" అంది. అమ్మ మా దగ్గరికి రాలేదు. పిల్లను ఊపుతూ పెరట్లోనే తిరిగింది.

మర్నాడు కోటేశ్వరి డ్యూటీకి వెళ్ళిన గంటకు అమ్మ ఉతికిన చీర కట్టుకుని, స్వాతిని చంకనేసుకుని వసారాలోకి వచ్చింది. "ఒరేయ్, ఆసుపత్రి యాడ? చూపీ" అంది. మోపెడ్ మీద ఎక్కమంటే ఎక్కలేదు. ఆమె నడుస్తుంటే నేను మోపెడ్ తోసుకుంటూ పక్కన నడిచాను. బజారులో తెలిసినవాళ్ళు పెట్రోలు అయిపోయిందా అని అడిగారు. అమ్మ ఎవరి వంకా చూడలేదు.

ఆసుపత్రిలో ఆ పూట ఇసుక వేస్తే రాలనంత జనం. అమ్మ వరసలోనే నిలబడింది. కోడలు అక్కడ పనిచేస్తుందని ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. తన వంతు వచ్చేసరికి కోటేశ్వరి తల ఎత్తింది. తెల్లచీరలో ఉన్న కోడల్ని అమ్మ అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.  అమ్మ తనంతట తనే నడిచిపోయి మూలనున్న నిలువు కాటా ఎక్కింది, మనవరాల్ని ఎత్తుకునే. ముల్లు ఊగి నిలిచింది. కోటేశ్వరి చూసింది. అమ్మ స్వాతిని నా చేతికిచ్చి మళ్ళీ ఎక్కింది. కోటేశ్వరి ఈసారి ముల్లును చాలాసేపు చూసింది.

"ఎంతుంది?" అంది అమ్మ.

కోటేశ్వరి చీటీ తిప్పి వెనక రెండు అంకెలు రాసుకుంది.

"చెప్పు, దాసేదేముంది ఇంక? ఆ పళ్ళెంలో కూడా పడుకోబెట్టు" అంది అమ్మ. పళ్ళెం కాటాలో చూస్తే ఆరు కిలోల నాలుగు వందలు. పదో నెల పిల్లకు అదెంత తక్కువో చీటీ చూసిన డాక్టరు గారి ముఖంలో నాకే తెలిసింది.

"ఎవరి బిడ్డ సిస్టర్ ఇది? తల్లేదీ?" అన్నారాయన కోపంగా.

"మా బిడ్డే సార్. తల్లిని నేనే" అంది కోటేశ్వరి.  అప్పటిదాకా ఆమె ముందు పిల్లల్ని తూయించుకున్న అమ్మమ్మలందరూ చూస్తున్నారు. అమ్మ ముందుకొచ్చింది.

"ఆ పిల్లనేమనబాకండి బాబూ. పెంచేది నేను. పదిహేనేళ్ళు రాళ్ళెత్తినోళ్ళం, ఎత్తగానే చేతికి తెలుసుద్ది. నెల నించీ దీని బరువు పెరగలా. నా చేతులకు తెలుసు. మీ కాటాలో ఎక్కిస్తే అందరికీ తెలుసుద్దని దాసిపెట్టా." పళ్ళెంలోంచి స్వాతిని ఎత్తుకుంది. "నా చేతిలో ఇద్దరు పొయ్యారు. ఇది గూడా ఏమన్నా అయిద్దేమోనని చానా భయపడ్డా. ఏది పెడితే ఏం రోగమొచ్చిద్దోనని ఒక్కోటీ మానిపిచ్చా."

డాక్టరు గారు కోపిష్టి మనిషే గానీ, ఆ మాటకు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. పాలల్లో నీళ్ళు కలపొద్దని, గుడ్డు, పప్పన్నం, నెయ్యి అన్నీ పెట్టమని, వారానికోసారి తీసుకురమ్మని చెప్పారు. అమ్మ ఒక్కోదానికీ తల ఊపింది. నాకు అంతా తేలికపడినట్టనిపించింది. కోటేశ్వరి మాత్రం చీటీ వెనకవైపు చూస్తూ నిలబడి ఉంది. తీసివేత చేయడానికి రాసుకున్న రెండు అంకెలు అక్కడున్నాయి. పైది నలభై మూడున్నర, కిందది ముప్పై ఏడు. ఇన్ని నెలల నుంచీ ఎవరెక్కినా ఆ కింది అంకెను తీసేసి అవతల పారేయడమే తనకు అలవాటు.

"అత్తయ్యా, మధ్యాహ్నం ఏం తింటున్నావు?" అంది.

"నా సంగతెందుకే ఇప్పుడు?"

"ముప్పై ఏడు కిలోలున్నావు. ఏం తింటున్నావు?"

 అమ్మ గొణిగింది. "నువ్వు పాలిచ్చి పోయినాక పిల్ల నా ఒళ్ళో నిద్రపోద్ది. కింద నాపరాయి మీద పడుకోబెడితే నెమ్ము చేసుద్దన్నావుగా. లేస్తదేమోనని కదల్ను. అది లేచేతలికి నా ఆకలి చచ్చిపోద్ది. ఎవరన్నా తినొద్దన్నారా నన్ను? అట్టా అయిపోయింది."

 కోటేశ్వరి రెండు చేతులతో అమ్మ మోచెయ్యి పట్టుకుంది. ఆసుపత్రి చీరతోనే. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి, "రాత్రి నువ్వు మానేస్తానంటం విన్నా" అంది. "మానబాక. ఆ నకరికల్లు ముసల్దాన్ని కాటా ఎక్కిచ్చేవాళ్ళు ఇంకెవురున్నారు?" ఆ మాటకు వరసలో ఎవరో నవ్వారు. కోటేశ్వరి కళ్ళు తుడుచుకుని తర్వాతి బిడ్డను పిలిచింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మారిపోయాయి. అమ్మ రెండు డబ్బాల్లో అన్నం పెట్టుకుని, స్వాతిని ఎత్తుకుని, రోగాల కొంపకే నడిచి వచ్చేది. నర్సుల గదిలో కోటేశ్వరి పాలిస్తుంటే అమ్మ తినేది, అమ్మ ఎత్తుకుంటే కోటేశ్వరి తినేది. సోమవారం సోమవారం ఇద్దర్నీ తూచేవాళ్ళు. స్వాతి వారానికింత చొప్పున పెరిగింది. అమ్మ మాత్రం కాటా ఎక్కేటప్పుడల్లా, "నాదెందుకే, నేనేమన్నా పెరిగే పిల్లనా?" అంటూనే ఎక్కేది. నలభై దాటిన రోజు కోటేశ్వరి పైకి చదివింది. "అంత గట్టిగా అరవబాకే" అని అమ్మ కసిరింది.

ఇప్పుడు మా అమ్మాయి బ్యాంకులో ఉండి కూడా, మనవరాలు ఎన్ని గంటలకు ఏం తిన్నదీ ఫోన్లో చూసుకుంటుంది. కోటేశ్వరి గిన్నె ఫొటో తీసి పంపుతుంది, ఖాళీ అయిన గిన్నె ఫొటో ఇంకొకటి పంపుతుంది. మంచిదే. ఆ రోజుల్లో ఆ ఒక్క ఫొటో ఉంటే మా స్వాతి తొడలు ముడతలు పడేవి కావు. కాకపోతే ఫోను ఎవరిని అడిగినా పిల్ల ఏం తిన్నదనే అడుగుతుంది. పిల్లను ఎత్తుకున్నవాళ్ళు తిన్నారా అని అడగడం ఎవరో నేర్పాలి. కోటేశ్వరికి ఆ చీటీ వెనకనున్న కింది అంకె నేర్పింది. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ, బిడ్డ బరువు రాశాక ఎత్తుకొచ్చిన అమ్మమ్మ వంక చూసి, నువ్వు తిన్నావా అని అడిగేది.

సాయంత్రం కబుర్లు మాత్రం వెంటనే మళ్ళీ మొదలవలేదు. వారం రోజులు కోటేశ్వరి తలవంచుకుని తిని లేచేది. అమ్మే ఉండబట్టలేక, "ఏమే, నోట్లో ఏమన్నా పెట్టుకున్నావా? ఎవురెవురొచ్చారో చెప్పు" అంది. అప్పటి నుంచి మళ్ళీ చెప్పసాగింది. అయితే బాగై ఇంటికి పోయిన పిల్లల సంగతులే చెప్పేది. ఇంటికి పోయేటప్పుడు ఎవరు ఎంత ఏడ్చారో, ఎవరు నవ్వారో, ఇంటికెళ్ళి ఏం తినమన్నారో. ఒక పాపకు గుడ్డు పెట్టమన్నారని చెబితే మర్నాడు స్వాతికి గుడ్డు. కొన్నాళ్ళు పోయాక అమ్మ అనుమానంగా అడిగింది, "మీ ఆసుపత్రిలో బాగుకాని పిల్లలే లేరా?"

"లేరు అత్తయ్యా" అంది కోటేశ్వరి, కంచం వంక చూస్తూ.

తర్వాత ఒక సాయంత్రం కోటేశ్వరి ఆలస్యంగా వచ్చింది. పెరట్లో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు ఎంతకీ ఆగలేదు. అమ్మ, నేను వసారాలో కూర్చుని వింటున్నాం. వచ్చి కంచం ముందు కూర్చుంది. జుట్టు తడి ఆరలేదు. మెతుకులు వేలితో కదుపుతోంది గానీ తినడం లేదు. రోజూ ఆ వేళకు అడిగినట్టే ఎవరొచ్చారని అమ్మ అడుగుతుందనుకున్నాను. అడగలేదు. కాసేపు కోడలి ముఖం చూసింది. లేచి, నిద్రపోతున్న స్వాతిని తీసుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. తర్వాత పక్కనే కూర్చుని, కంచం తన వైపు లాక్కుని, పప్పూ నెయ్యీ వేసి కలిపి, ముద్ద చేసి కోటేశ్వరి నోటి దగ్గర పెట్టింది.